బలములలో భేదము

బలమనగా బరువెత్తుటయే యని మాలో పలువురి తలంపు. ఆటస్థలమున ఇనుపగుండు విసరలేని బాలుని బలహీనుడని నవ్వుటయు గలదు. ఇది యన్యాయమని మాకు తోచుచున్నది.

శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి భారతస్త్రీలలో ఒలింపిక్ పతకము నందిన ప్రథమురాలు. 2000 సంవత్సరమున సిడ్నీలో, 69 కిలోల తరగతియందు, ఆమె స్నాచ్ అను పద్ధతిలో 110 కిలోలును, క్లీన్ అండ్ జెర్క్ అను పద్ధతిలో 130 కిలోలును ఎత్తి కాంస్యము గడించెను. ఒకే దేహము, ఒకే పోటీ; 20 కిలోల యంతర మేల? మొదటిదానిలో కడ్డీని నేలనుండి ఒక్క ఊపున తలపైకి గొనిపోవలెను. రెండవదానిలో భుజములకడ నొకమారు నిలుపుకొనవచ్చును. కావున స్నాచ్‌లో బలముతోపాటు వడియు మరింత కావలయును. క్షణములో వెలువడు బలము వేరు, మహాభారమునకు చాలిన బలము వేరు.

ఓర్పు బలము మరియొకటి. మా తరగతిలో సన్నని బాలుడొకడు గలడు. పెద్దగుండు వానికి లొంగదు. కాని మల్లులమని చెప్పుకొనువారు కూలబడిన పిమ్మటను వాడు బస్కీలు తీయుచునే యుండును. (మేము లెక్కపెట్టుట మానివేసితిమి!) కండలలో వేగముగా ముడుచుకొని త్వరలో నలయు తంతువులును, మెల్లగా పనిచేసి చిరకాలము నిలుచు తంతువులును గలవు. వాని పాళ్లు అందరిలో నొక్కటి కావు. సాధనయు భేదించును: గొప్ప భారమును కొలదిమారు లెత్తిన బలమును, తేలిక భారమును పెక్కుమారు లెత్తిన ఓర్పును హెచ్చును.

జట్టు నెన్నునపుడు గుండుతోపాటు బస్కీలను గూడ లెక్కింపవలెనని వ్యాయామోపాధ్యాయులను వేడుకొనియున్నాము. వారింకను బదులు చెప్పలేదు.