చెరువుగట్టున వ్యాపారము

ఈ పాఠశాలను విడిచిన పిమ్మట మేమిరువురము ఇంజనీరింగు చదివి, స్టార్టప్ పెట్టవలెనను తలంపుతో హైదరాబాదు చేరితిమి. అచ్చట రెండేండ్లు గది యద్దె చెల్లించుటయే మాకు ప్రధాన వ్యాపారమయ్యెను! తీసికొనిపోయిన ధనమెల్ల ఖర్చుకాగా సిగ్గుపడుచు భీమవరమునకు మరలి వచ్చితిమి. ఓడి వచ్చినారని తోడివారనుకొనిరి. మేమును అట్లే యనుకొంటిమి.

మన ప్రాంతపు రొయ్యల చెరువులు చదువరులకు క్రొత్త కావు. 2009లో వనామీ రొయ్యకు దేశమున అనుమతి లభించిన పిదప అవి మరింత పెరిగినవి. పగలు నీటిలోని సూక్ష్మమైన నాచు సూర్యరశ్మి వలన ఆక్సిజనును పుట్టించును. రాత్రి అదియు రొయ్యలతోపాటు దానిని పీల్చుకొనును. కావున తెల్లవారుజామున ఆక్సిజను మిక్కిలి తగ్గును. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు నిలిచెనేని, కొద్ది గంటలలో పంట నశింపవచ్చును. 2012లో విజయవాడలో స్థాపింపబడిన ఎరువాక సంస్థ చెరువునీటిని పరీక్షించు సాధనములను చేసినదని వినియుంటిమి. మాకును ధైర్యము కలిగెను. ఏరియేటరు నిలిచినంతనే రైతు ఫోనునకు కబురంపు చిన్న పెట్టెను చేసి, మాలో నొకరి మేనమామగారి చెరువున అమర్చితిమి.

ఒకరాత్రి గాలివాన వచ్చెను. కరెంటు పోయెను, సెల్ టవరును నిలిచెను, మా పెట్టె మూగవోయెను. మామయ్యగారు అలవాటు చొప్పున మూడుగంటలకు టార్చిలైటుతో పోయి, రొయ్యలు నీటిపైకి తేలుట చూచి, డీజిలు జనరేటరు వేసిరి. అయినను సగము పంట పోయెను. అందులో వారి చిన్నకుమార్తె కాలేజీ ఫీజు కూడ నుండెను.

ఉదయము మేము గట్టుపై తలవంచుకొని నిలువగా ఆయన, "నన్ను లేపుటకు మీ కబురు ఆకాశముదాక పోయి రావలెనా? ఇక్కడే అరిపించండిరా" అనిరి. ఈ మాటను హైదరాబాదు గదిలో మాకెవరు చెప్పియుందురు? బ్యాటరీతో మ్రోగు హారనునొకదానిని కావలిపాకలోనే బిగించితిమి. నేడది పదునొకండు చెరువులలో నున్నది.

చిన్న పట్టణమున చిక్కులు లేవనజాలము. మేము పని నేర్పిన కుర్రవాండ్రిద్దరు ఎక్కువ జీతమునకు హైదరాబాదు పోయిరి. తనఖా లేనిదే బ్యాంకువారు ఋణమీయరైరి. 2025 ఆగస్టులో మంగళగిరిలో ప్రారంభమైన రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్‌కు రాజమహేంద్రవరమునను శాఖ గలదు, అచ్చట విచారింపదలచియున్నాము.

మామయ్యగారి అప్పు ఇంకను తీరలేదు. ఈ పంటకును మా పెట్టెనే ఉంచుకొనిరి గాని, మూడుగంటలకు లేచుట మాత్రము మానలేదు.