ఒక డిష్షు, రెండు ట్యూనర్లు

అమెరికా నుండి బంధువులు తెచ్చే టీవీ ట్యూనర్లు ఆ దేశపు భూతల ప్రసారాలకు చేసినవి. బెజవాడలో వాటికి పని లేదు. ప్రైవేటు డి.టి.హెచ్. ప్రసారాలు వారి వారి పెట్టెలకు తప్ప తెరచుకోవు. ఇంటి సర్వరులో కార్యక్రమాలను భద్రపరచి అన్ని గదులకూ పంపదలచిన మాకు మిగిలినది దూరదర్శన్ ఫ్రీ డిష్ ఒక్కటే. అది 2015లో ప్రయోగించిన జీశాట్-15 నుండి వస్తుంది; ఇక్కడ డిష్షును ఆగ్నేయానికి తిప్పాలి. కనుక 2012లో ప్రకటితమైన శాట్-ఐపి పద్ధతి ట్యూనరును ఎన్నుకొన్నాము.

ఎన్ని ట్యూనర్లన్నదే అసలు చిక్కు. 2020లో డి.డి. సప్తగిరిలో పదవ తరగతి పాఠాలు ప్రసారమైన రోజుల్లో మేనల్లుని కోసం అమ్మీ తన డి.డి. ఉర్దూ ముషాయిరాను విడిచిపెట్టేది. ఒక్కమాటైనా అనలేదు, అదే మమ్ము బాధించింది. ఒక్కొక్క ట్యూనరు ఒకసారికి ఒక్క ట్రాన్స్‌పాండరునే పట్టుకొంటుంది. దానిలోని ఛానళ్లన్నీ కలిసి అందుతాయి గాని, పక్కదానివి అందవు. పాఠమూ ముషాయిరా వేర్వేరు చోట్ల ఉంటే? ఖర్చెక్కువైనా రెండు ట్యూనర్లున్న దానినే కొన్నాము. అప్పుడు ఎల్.ఎన్.బి.కి కూడ రెండు నోళ్లుండాలి. (దుకాణదారులు ఈ మాట అడిగితే గాని చెప్పరు.)

కార్తీకపు తుపాను మబ్బులు దివిసీమ మీదుగా కమ్ముకువస్తే మాత్రం ఎంత ఖరీదైన ట్యూనరైనా చేయగలిగింది లేదు. కుండపోతలో కు-బ్యాండు సంకేతం సన్నగిల్లుతుంది. వాన వెలిసేవరకు వేచి ఉండవలసిందే.