రంగుల పటమా? నలుపు తెలుపు పటమా?

గత సంవత్సరపు సంచికలో ఒక యెర్రకాళ్ల కొంగ పటమును ముద్రించియుంటిమి. దానిని తీసినది తొమ్మిదవ తరగతి బాలిక. మా సంచికకు రంగుల పుట యొక్కటియే. అది పూర్వవిద్యార్థుల సమావేశ చిత్రమునకు పోగా, కొంగను నలుపు తెలుపులో వేసితిమి. సంచిక చేతికి వచ్చిన దినమున ఆ బాలిక మా బల్లయొద్దకు వచ్చి, పుట చూపి, “మాష్టారూ, గులాబిరంగు ఎక్కడ?” అని మాత్రము అడిగెను. మేము ప్రత్యుత్తరము ఈయలేకపోతిమి.

ఆ పటము సూళ్లూరుపేటకు సమీపముననున్న నేలపట్టులో తీయబడినది. శీతకాలమున అచ్చటి నీటిలో నిలిచిన చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచును. వానితోపాటు ఈ కొంగలును వచ్చును. ఎర్రకాళ్ల కొంగ దేహము తెలుపు, రెక్కలు నలుపు, ముక్కు పసుపు. తోకమీదికి వ్రాలు కొన్ని యీకలు మాత్రము లేతగులాబి. పక్షి వెనుకకు తిరిగి ఆ యీకలు కనబడువరకు ఆ బాలిక ఎండలో కదలక కూర్చుండియుండెను. సృష్టికర్త అద్దిన రంగును మేము ఒక్క గడియలో తుడిచివేసితిమి.

నలుపు తెలుపు పటము రంగును గ్రహింపదు. వెలుతురు యొక్క హెచ్చుతగ్గులనే గ్రహించును. ఎరుపును పచ్చయు సమానమైన వెలుగు గలవైనచో రెండును ఒకే బూడిదవన్నెగా మారును. ఆకుల నడుమ కూర్చున్న ఎర్రని పక్షి కన్నులయెదుటనే మాయమగును.

అట్లని నలుపు తెలుపును తక్కువచేయుట మా యుద్దేశము కాదు. అమెరికాలో జార్జి షిరాస్ రాత్రివేళ మెరుపువెలుగుతో తీసిన జంతువుల పటములను నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1906లో ప్రకటించినప్పుడు ఆయనకు వేరు మార్గము లేదు. 1907లో అమ్మకమునకు వచ్చిన లూమియేర్ సోదరుల రంగుపలకలకు చాలసేపు వెలుతురు కావలసియుండెను; జింక అంతసేపు నిలుచునా? కాని మద్రాసునందలి ఎం. కృష్ణన్ (1912–1996) కాలమునాటికి రంగుల ఫిలిము అంగళ్లలో దొరకుచునే యుండెను. అయినను ఆయన అడవియేనుగులను నలుపు తెలుపులోనే తీసెను. ఏనుగు చర్మపు ముడుతలకు, దానిపై నెండిన బురదకు రంగు ఏమి తోడ్పడును?

ఈ సంవత్సరము ఒక బాలుడు గూడబాతుపిల్ల తన తల్లి ముక్కుసంచిలో తల దూర్చి చేపను తినుచున్న పటమును తెచ్చెను. అది రంగులోనే యుండవలెనని వాని పట్టుదల. రెండు విధములుగను అచ్చొత్తించి ప్రక్కప్రక్కన పెట్టితిమి. రంగుదానిలో మొదట కన్ను ఆకుపచ్చమీదికి, పిమ్మట రెట్టలతో తెల్లబారిన కొమ్మలమీదికి పోయెను. రెండవదానిలో ఆ పిల్ల మెడయు, తల్లి తెరచిన ముక్కును తప్ప మరేమియు లేవు. బాలుడు చాలసేపు చూచి, ఏమియు పలుకక రెండవదానిని మా చేతికిచ్చెను.

మరియొకడు మసకబారిన పటమునే నలుపు తెలుపు చేసి, ఇది కళ యని తెచ్చెను, త్రిప్పిపంపితిమి. ఇంకొకడు పులికాట్ రాజహంసలను కంప్యూటరులో గోరింట పండినంత యెరుపు చేసెను! ఆ పక్షులకు గులాబివన్నె తిను ఆహారమునుండి వచ్చుననియు, వాని పిల్లలు బూడిదరంగుననే యుండుననియు చెప్పి, మొదటి పటమునే తెమ్మంటిమి. వాడు కొంచెము నొచ్చుకొనినను తెచ్చెను.

ఈ సంచిక రంగుల పుటలో గత సంవత్సరపు కొంగయే మరల నున్నది. పూర్వవిద్యార్థుల సమావేశ చిత్రము నలుపు తెలుపులో పడినది. అందులోని వారిలో పెక్కుమందికి, మాకువలెనే, తలలు నెరసియున్నవి గనుక పెద్ద నష్టము కలుగలేదు.