పంతులుగారి యింట నొక పూట

రాజమహేంద్రవరమునకు బోయినపుడు కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848లో జన్మించిన గృహమును మేము దర్శించితిమి. ఇప్పుడది వారి స్మారక ప్రదర్శనశాల. రాజశేఖరచరిత్రమును, స్త్రీలకొఱకు 1883లో వెలువడిన సతీహితబోధినిని మన కొసగినవారి యిల్లని గడపయొద్దనే చేతులు మోడ్చితిమి.

మగవారు వస్తువులను జూచుచు ముందుకు సాగిరి. మా కన్నులు మాత్రము వంటయింటి జాడను వెదకినవి. సోదరీమణులారా! 1881 డిసెంబరు 11వ తేదిని పంతులుగారు ఈ పట్టణమున మొదటి వితంతు వివాహము జరిపించినపుడు బంధువులు దూరమైరి. వంటవారు, నీళ్లు మోయువారు పనికి రామనిరి. అపుడు వారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి బోయి నీరు తెచ్చి, వండి వడ్డించిరి. సభలలో పంతులుగారి కీర్తి వినంబడును. ఆ బిందెల బరువును దలచువా రరుదు. పెండ్లియింటికి నీ రెంత కావలయునో మనకు వేఱుగ జెప్పవలయునా!

మాతో వచ్చిన మా యాడుబిడ్డ చిన్నవయసుననే భర్తను గోల్పోయినది. పునర్వివాహపు మాటను మా యత్తగారు నేటికిని జెవిని బెట్టరు. అంతవఱకు మౌనముగా నున్న యామె, "వదినా! ఆ తల్లికి బిందె యందుకొనువా రెవరైన నుండిరా?" యని యడిగెను. ఇంటికి మరలినపిదప అత్తగారియొద్ద ఆ ప్రస్తావన మేమే తెత్తుమని యామెతో జెప్పితిమి.