బడి రిజిస్టరులో ఒక్క వరస

మా నాన్నగారికి రెండు పుట్టినరోజులు. అమ్మమ్మ చెప్పేది సంక్రాంతి నెల, బడి లెక్క జూలై 1. ఆ రోజుల్లో బడిలో వేసేటప్పుడు ఐదేళ్ళు నిండేలా మాస్టారే ఒక తేదీ రాసేసేవారు. ఆయన ఉద్యోగంలో చేరిందీ, రిటైరైందీ ఆ తేదీ లెక్కనే.

చెప్పుకుని నవ్వుకుంటాం కానీ, పోయినేడాది మా చిన్నత్తయ్యకి వయసు రుజువు కావలసి వచ్చినప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. పింఛను అక్కడే ఆగిపోయింది. జనన ధ్రువపత్రం లేదు, చదివింది ఐదో తరగతే. ఊళ్ళో బడికి వెళ్తే హెడ్మాస్టరుగారు బీరువాలోంచి బట్టలో చుట్టిన పాత అడ్మిషన్ రిజిస్టరు తీశారు. చెద పట్టకుండా మధ్య మధ్య వేపాకు పెట్టి ఉంది. అరగంటలో దొరికింది: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. ఎప్పుడో ఒక మాస్టారు కుదురుగా రాసిన ఒక్క వరస, దాన్ని పారెయ్యని ఇంకో పదిమంది మాస్టార్లు. ఆవిడ పింఛను వాళ్ళ చలవే.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టే పిల్లలకైతే చట్టప్రకారం జనన ధ్రువపత్రమే రుజువు. అంతకు ముందు పుట్టిన చాలామందికి బడి రికార్డే ఆధారం. లోకల్ అని చూపించుకోవాలన్నా స్టడీ సర్టిఫికెట్లు ఆ రిజిస్టర్లలోంచే రావాలి.

అందుకే మీ పిల్లలు పదో తరగతిలో ఉంటే, నామినల్ రోల్స్ పంపేముందు ఒకసారి బడికి వెళ్ళండి. ఇంటిపేరు, తేదీ, అక్షరం అక్షరం చూసుకోండి. మెమో అచ్చయ్యాక దిద్దించుకోవడం ఎంత తిరుగుడో, తిరిగినవాళ్ళని అడగండి.