ఒడ్డు మీది మోతుకు చెట్టు

పుస్తకాల్లో మోదుగ అని రాస్తారు, మా దేవరుప్పుల దిక్కు మోతుకు అంటాం. మా పొలం ఒడ్డు మీద ఒకటుంది. ట్రాక్టర్ మలుపుకు అడ్డమొస్తోంది, దాని నీడకు పత్తి ఎదగట్లేదు, ఈ ఏడు కొట్టేద్దామన్నారు మా ఆయన. ఇంట్లో నాలుగు రోజులు అదే ముచ్చట. అసలు ఆ చెట్టుతో మనకు ఏం పని పడుతోందో అత్తమ్మను అడిగి లెక్క రాశాను.

ముందు ఆకు. ఒక్కో కాడకు మూడేసి ఉంటాయి. ఎండాకాలం ముదురాకు కోసి, ఆరబెట్టి, పుల్లలతో కుడితే విస్తరి. అత్తమ్మ పెళ్లిలో ఊరంతా తిన్నది వీటిలోనేనట. తిన్నాక పెంటకుప్పలో వేస్తే ఎరువైపోయేది. ఇప్పుడు ఫంక్షన్లకు తెస్తున్న కాగితం ప్లేట్లకు చాలావరకు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఊరి బయట గాలికి లేచేవి అవే, ఆకలితో ఆవులు నమిలేవీ అవే.

తర్వాత పువ్వు. ఆకంతా రాలిన కొమ్మలకు ఫాల్గుణంలో ఎర్రగా పూస్తుంది. హోలీకి ఆ పూలు మరిగిస్తే పసుపు, నారింజ కలిసిన రంగు దిగుతుంది. పిల్లల కళ్లలో పడుతుందన్న భయం తక్కువ. తెలంగాణ పోరాటం మీద దాశరథి రంగాచార్య రాసిన నవల పేరు కూడా ‘మోదుగుపూలు’. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం విడిచిన కడవెండి మా మండలంలోనిదే కాబట్టి, ఆ ఎరుపు చూస్తే మాకు ఆ పేరు తలపుకొస్తుంది.

ఇక మనం లెక్కలోకి తీసుకోనివాళ్లు. చేలన్నీ ఎండిన ఆ రోజుల్లో తేనెపిట్టలు, గోరింకలు, చిలుకలు, ఉడుతలు పొద్దున్నే ఈ చెట్టు మీదే. తేనె కోసం ముక్కు పెట్టిన పిట్ట తలకు పుప్పొడి అంటి ఇంకో చెట్టుకు చేరుతుంది. అట్లా కాసిన కాయలో గింజ ఒక్కటే, అదీ చివరన. మిగతాదంతా పలచటి రెక్క, గాలికి ఎగిరిపోవడానికి. పిట్టలు రాకపోతే కాయ లేదు, కాయ లేకపోతే కొత్త మొక్క లేదు.

బెరడు నుంచి కారే బంక మందుల్లోకి పోతుంది. వేళ్ల నారతో తాళ్లు పేనేవారు. పుల్లలు హోమంలో సమిధలు.

ఈ లెక్కంతా చదివి వినిపిస్తే మా ఆయన, “పత్తి తగ్గింది ఎవరిస్తరు?” అన్నారు. అదీ నిజమే, అప్పు తీర్చాల్సింది పత్తితోనే కదా.

అత్తమ్మ మాత్రం, “నీళ్లు పోసినవా, మందు కొట్టినవా కొడుకా? దాని పాటికి అది బతుకుతున్నది” అంది.

చివరికి చేను వైపు కొమ్మలు మాత్రం కొట్టించాం. మోతుకు మళ్లీ చిగురు పెడుతుంది, ఆ భయం లేదు. ట్రాక్టర్ ఒక మూర ముందే తిరుగుతోంది. వచ్చే శ్రావణంలో ఇంట్లో వ్రతం ఉంది, యాభై విస్తళ్లు కావాలి. అత్తమ్మ దగ్గర కుట్టడం నేర్చుకుంటున్నాను.