మెట్టసీమ - మరుభూమి

గత వేసవిలో గోదావరి డెల్టానుండి మా పినతల్లి కుమార్తె పిల్లలతో మా యింటికి వచ్చినది. మదనపల్లెలో బస్సు దిగినది మొదలు బోడిగుట్టలను, ఎండిన చెఱువులను, నీళ్ల ట్యాంకరు కొఱకు వీధిలో బారులు తీరిన బిందెలను చూచి, "అక్కా! ఇది రాజస్థానమువంటి యెడారి గదా! ఎట్లు కాపురము చేయుచున్నారు?" అని యడిగినది. నవ్వి యూరకుంటిమి గాని, ఆ మాట ముల్లువలె మనసున నాటుకొన్నది. రాజస్థాన మెట్టిదో తెలిసికొనవలెనని ఆమె వెళ్లిన పిమ్మట పుస్తకములు తిరుగవేసితిమి.

ఆ రాష్ట్రమునకు పడమట పాకిస్తాను సరిహద్దు. ఆ సరిహద్దు పొడవున థారు మరుభూమి వ్యాపించి యున్నది. జైసల్మేరు ప్రాంతమున ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కురియుటయు అరుదే. అచ్చటి జనులు సజ్జలు పండించి, గొఱ్ఱెలను, మేకలను, ఒంటెలను, ఎండకు జడియని థార్పార్కరు ఆవులను పోషించి జీవింతురు. ఇంటి కప్పుమీద, ముంగిట పడిన వాననీటిని నేలలో కట్టిన 'టాంకా' యను తొట్టిలోనికి మరలించి, త్రాగుటకు దాచుకొందురు. జైసల్మేరు పట్టణమునకు తరతరములు దాహము తీర్చిన గడీసర్ తటాకము 14వ శతాబ్దినాటిది.

ఇక మా సీమ మాట. సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన ఈ మెట్టకు ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన కలదు. జైసల్మేరునకంటె మూడింతలకు మించినదే! సరిహద్దు మాకును కలదు గాని, కంచె లేని సరిహద్దది. పడమట కన్నడదేశము, కుప్పము దాటగనే తమిళదేశము. కుప్పము సంతలో ఒకే యిల్లాలు మూడు భాషలలో బేరమాడుట మేము విన్నారము. ఇచ్చటి పట్టుగూళ్లు శిడ్లఘట్ట అంగడికి పోవును. కుప్పము మగవారు అనేకులు తెల్లవారు రైలున బెంగుళూరు పనులకు పోదురు. 2001లో మూతపడువఱకు కోలారు బంగారు గనులును ఈ సరిహద్దుసీమల కూలీలకు కూడు పెట్టినవి. థార్పార్కరు ఆవునకు దీటుగా మాకు పుంగనూరు ఆవు కలదు. ఎత్తు మూడడుగులు మించదు. కొద్దిపాటి మేతతో తృప్తిచెంది వెన్నగల చిక్కని పాలిచ్చును. మదనపల్లె టమోటా విపణి దేశమంతట ప్రసిద్ధము. 2023 వేసవి దాటిన వెంటనే కిలో 200 రూపాయలు పలికిన ఆ పంటనే, వేఱొకప్పుడు కోతకూలియు గిట్టక రైతులు బాట ప్రక్కను పాఱబోయుట కన్నులార చూచితిమి.

అట్లయిన మా బిందెలేల ఖాళీగా నున్నవి? టమోటాలకును, మల్బరీ తోటలకును బోరుబావులు త్రవ్వితిమి, చెఱువులను మఱచితిమి. మా పట్టణమున నీరుగట్టువారిపల్లె కలదు. నేడది నేతగాండ్ర పేట. ఆ పేరు విన్నప్పుడెల్ల చెఱువునీటిని మడిమడికి పంచిపెట్టిన పూర్వపు నీరుగట్టువాడే మాకు తలపునకు వచ్చును. పేరు నిలిచినది, ఆ పని పోయినది.

పరులననేల? తటాకము సప్తసంతానములలో నొకటియని బాల్యమున వల్లించిన మేమే, ఒక గది పెంచుకొనుటకై పెరటిలోని పాతబావిని పూడ్పించితిమి. "నీటిచోటు మూయరాదమ్మా!" అని మా యత్తగారు వారించినను వినమైతిమి. బదులుగా వేయించిన 600 అడుగుల బోరు ఆఱేండ్లకే యెండినది. ఇప్పుడు ట్యాంకరు మోత విన్నప్పుడెల్ల ఆమె మాట వినబడును. ఆమె మాత్రము ఒక్కనాడును మమ్ము దెప్పలేదు; అదియే మఱింత బాధ.

శ్రీశైలమునుండి హంద్రీ-నీవా కాలువ గుండ కృష్ణానీరు 2025లో కుప్పము చేరినది. సంతోషమే. రాజస్థానమునకును ఇందిరాగాంధీ కాలువ పంజాబునుండి నీరు తెచ్చినది. అయినను భగీరథుడు గంగను దింపినపుడు దానిని పట్టి నిలుపుటకు శివుని జటాజూటము వలసివచ్చెను గదా! గట్టు తెగి, పూడు నిండిన చెఱువులోనికి కృష్ణ వచ్చినను నిలుచునది యేమి?

సోదరీమణులారా! మా చెల్లెలికి ఈ నెలలో జాబు వ్రాసితిమి: "మాది యెడారి కాదమ్మా, కాని యెడారివారికున్న జాగ్రత్త మాకు లేదు." పూడ్చిన బావిని తిరిగి త్రవ్వింప మాకు శక్తి లేదు. చూరునీరు పట్టుటకు పెరటిలో నొక తొట్టి మాత్రము కట్టించితిమి. మొన్నటి వానకు అది సగము నిండినది. మా యత్తగారు కఱ్ఱ యూతగా వచ్చి, మూత తీయించి చూచి, "మూత గట్టిగా వేయుము, పిల్లలు తిరుగుచుందురు" అని మాత్రమనిరి.